వాగవతలి చెల్కల తొమ్మిది గుంతలు

రాళ్లకుంట,
నార్కట్‌పల్లి దారి,
సర్వజిత్తు సంవత్సరం, మార్గశిరం.

చిరంజీవి అమరేందర్‌ను మేనమామ రఘుపతి దీవించి రాసేది,

ఇక్కడ అందరం క్షేమం అని రాసుడు ఆనవాయితీ కాబట్టి రాస్తున్న. పగటిపూట రజాకార్లు, పొద్దుగూకినంక ఎర్రజెండా సంగపోళ్లు, రెండుపూటలా దొర. ఇంట్ల మీ అత్తమ్మ. అయినా క్షేమమే.

కుదురుగ కూసొని చదువు. వాగవతలి మన చెల్క యాదికున్నది గద, మీ తాత పొదలు కొట్టి రాళ్లేరి చేసిన చెల్క. నేను, మీ అత్తమ్మ, బిడ్డ మంజులత, మా ముగ్గురి కడుపులు నిండేది దాని మీదనే. దాన్ని దొర గుంజుకున్నడు. ఎందుకంటవ్, పంటకు కాదు, ఆటకు. పట్నం పోయి గాల్ఫు అనే ఆట నేర్సుకొని వచ్చిండు. గెలలు పట్టిన ఆముదాలు పీకిచ్చి తొమ్మిది గుంతలు తవ్విచ్చిండు. ఒక్కో గుంత చెయ్యి పట్టేటంత. పక్కన వెదురు కట్టె, కట్టెకు ఎర్రగుడ్డ. దొర ఆడెక్కడనో నిలబడి చిన్న తెల్లబంతిని వంకర కట్టెతోని కొట్టుకుంట కొట్టుకుంట వచ్చి గుంతల పడేస్తడు. పడ్డంక ఏమైతది అంటవా? ఏం కాదు. తీసి ఇంకో గుంత దిక్కు కొడ్తడు. నేను ఓపికతోని చూసిన, ఆఖరుకు ఏమన్న మొలుస్తదేమో అని.

మొన్న జిల్లా అధికారి తాలూక్‌దార్ సాబ్ ఊర్ల మీద దౌరకొస్తే నా గోడు చెప్పుకుందామని గడికి పోయిన. గడి ముందట మనం చెప్పులు తొడగరాదు గద, చేతుల పట్టుకొనే పోయిన. దొర మంచి ఖుషీల ఉండె. "రఘుపతీ, నువ్వు గాల్ఫు మనిషివా ఏంది, నీకెందుకు గా జాగ? ఈ తొమ్మిది గుంతలు నాకంటె తక్కువ దెబ్బలల్ల తిరిగొస్తే నీ చెల్క నువ్వే తీస్కపో" అన్నడు. తాలూక్‌దార్ సాబ్ నవ్వి, "నేను సాక్షి" అన్నడు. నేను సరే అన్న. అప్పుడు ఇద్దరు నవ్వుడు ఆపిండ్రు. గాల్ఫు ఆడెటోడు మాట తప్పడని దొరనే చెప్పిండు. ఆ ఆట నేర్వక ముందు తప్పుతుండె, అది వేరే ముచ్చట.

ఉగాది ఎల్లినంక సాబ్ మళ్ల వచ్చిననాడు పందెం. నువ్వు పాలమూర్ల ఆఫీసర్ల క్లబ్బుల మున్షీవి, మీకాడ గిసొంటి మైదానం ఉన్నదని మా అక్క చెప్తుండె. గుంతల సంగతి రాస్తున్న, ఎట్ల కొట్టాలెనో చెప్పు. మొదటిది సీదగ తుమ్మచెట్టు కింద. రెండోది వాగు దాటినంక. మూడోది రెండు గుండ్ల నడుమ. నాల్గోది గుట్ట ఎక్కుడు మీద, కొడితే బంతి మళ్ల మన కాళ్ల కాడికే దొర్లివస్తది. ఐదోదాని పక్క పాత బాయి. ఆరోది రేగుముండ్ల పొదల నడుమ, ఏడోది ఇసుకల. ఎనిమిదోది మస్తు దూరం, ఎదురుగాలి. తొమ్మిదోది దగ్గరనే గాని దిబ్బ అవతల ఉంటది, కొట్టెటోనికి గుంత కనబడది.

ఇట్లు,
చెల్క లేని నీ మామ
రఘుపతి

తా.క.: మీ అత్తమ్మ సుత దొర ఆట చూసింది. "ఆ గుంత పక్కనే నిలబడి బంతి ఏసుకోవచ్చు గద, అంత దూరం నుంచి ఎందుకు కష్టపడుతున్నడు" అంటాంది. జవాబుంటే రాయి.

*

మహబూబ్‌నగర్,
పుష్యం.

పూజ్యులు మామయ్యకు అల్లుడు అమరేందర్ కాళ్లకు మొక్కి రాసుకునేది,

నీ ఉత్తరం చదివి నాకు రోమాలు నిలబడ్డయి. మన ఖాందాన్ల గాల్ఫు! ఏం ఫికర్ జేయకు. నేను ఇక్కడ యేండ్ల తరబడి ఈ ఆటనే చూస్తున్న. మున్షీలు వరండా దిగరాదు గని, వరండా నుంచి మూడో గుంత దాకా సాఫ్‌గ కనబడుతది. మిగిలిన ఆరు గుంతల సంగతి సాబులు చాయ్ తాగుకుంట చెప్పుకునేది విన్న.

మొదలు ఒక్క మాట పట్టుకో మామయ్య. ఈ ఆట బలానిది కాదు, బుద్ధిది. మొదటి గుంతకు సీదగ కొట్టు, అక్కడ తెలివి చూపెట్టకు. రెండోదానికి వాగును ఒక్క దెబ్బకు దాటాలని చూడకు. ఒడ్డుకు ఇవతలనే బంతిని ఆపి, అక్కడినుంచి చిన్నగ ఎత్తి దాటియ్యి. నీళ్లల్ల పడితే పరువు పోతది. మూడోదానికి గుండ్ల సందుల దూరాలనుకుంటే అది నిన్ను చూసి నవ్వుతది. కుడి నుంచి చుట్టు తిరిగి పో, ఒక దెబ్బ ఎక్కువైనా నష్టం లేదు. నాల్గోదానికి గుంతను దాటిచ్చి పైకి కొట్టు, దొర్లుకుంట అదే గుంత కాడికొస్తది. బాయి కాడ గుంత ఎడమకుంటే నువ్వు కుడికి కొట్టు, ఆశకు పోకు. పొదల కింది నుంచి నేలబారుగ పోనియ్యి. ఇసుకల బంతిని కొట్టద్దు, బంతి ఎనుక ఇసుకను కొట్టాలె. ఎదురుగాలి ఉంటే జర గడ్డి తెంపి ఎగరేసి, గాలి ఎటున్నదో చూసుకో. తొమ్మిదోది గుడ్డి గుంత. కనబడని గుంతకు కనబడే గుర్తు ఒకటి పెట్టుకోవాలె. దిబ్బ ఎనుక చెట్టేమన్న ఉంటే దాని కొస చూసి కొట్టు.

ఇగ ఆట కాయిదాలు, అంటే కట్టుబాట్లు. బంతి ఎక్కడ పడితే అక్కడినుంచే కొట్టాలె, చెయ్యి తాకరాదు. ఎవని బంతి వాడే కొట్టాలె. ఒకలు కొట్టంగ ఇంకొకలు మాట్లాడరాదు. బంతి ఆఖరు గుంతల పడితేనే ఆట తెగినట్టు.

అత్తమ్మ అడిగినదానికి సాబులను అడిగిన. ఇద్దరు నవ్విండ్రు. ఒకాయన మాత్రం శానసేపు ఆలోచన జేసి, ఆ దినం ఆడకుండనే ఇంటికి పోయిండు.

ఇట్లు,
విధేయుడు
అమరేందర్

తా.క.: మంజులత బాగున్నదా?

*

రాళ్లకుంట,
మాఘం.

చిరంజీవి అమరేందర్‌కు మామ దీవెనలు.

నువ్వు చెప్పినట్టే నేర్సుకుంటున్న. దొర ఊర్లె లేనప్పుడు పోయి ఆడుతున్న. తుమ్మవేరుతోని వంకర కట్టె చేసుకున్న. వడ్ల బాలయ్య బొమ్మలు చేసే పొనికికట్టెతోని బంతి చెక్కి ఇచ్చిండు. గుండ్రంగ లేదు, అయినా మనమేం సాలార్‌జంగులమా.

నీ సలహాలతోని మా చెల్కకు పొత్తు కుదుర్తలేదు. వాగుల నీళ్లల్ల పడితే పరువు పోతదన్నవు. మాఘంల వాగుల నీళ్లెక్కడియిరా? నీళ్లుంటే మేము సంబురపడి బంతిని ఇడిచిపెట్టి తానం చేస్తుంటిమి. గడ్డి తెంపి ఎగరేయుమన్నవు. గడ్డే ఉంటే బంతితోని నాకేం పని, ఎడ్లను తోలుకపోత. నాల్గో గుంతకు పైకి కొట్టిన. బంతి దొర్లుకుంట వచ్చింది, గుంత కాడ ఆగలే, నా కాడ ఆగలే, వాగుల దాకా పోయింది. ఎనుక నేను పోయిన.

బంతి ఎక్కడ పడితే అక్కడినుంచే కొట్టాలె అన్నవు గద. ఐదో గుంత కాడ బాయిల పడ్డది. దిగిన. మోకాళ్లలోతు నీళ్లల్ల నిలబడి కొట్టిన. బంతి గోడకు తాకి వచ్చి నా నుదురుకు తాకింది. ఇది ఒక్క దెబ్బ లెక్కనా, రెండు దెబ్బల లెక్కనా, కనుక్కొని రాయి.

ఒకలు కొట్టంగ ఇంకొకలు మాట్లాడరాదనే కాయిదా మీ అత్తమ్మకు చదివి వినిపిచ్చిన. దానికి మస్తు నచ్చింది. పప్పుల ఉప్పు ఎక్కువైందని నేను నోరు తెరిస్తే, "వడ్డిస్తున్న, ఆట నడుస్తాంది" అంటాంది.

సంగపు జానయ్య దారిల కలిసిండు. నా భుజం మీద కట్టె చూసి, "ఏం కాకా, గుత్ప పట్టినవు, మా దిక్కు వస్తున్నవా?" అన్నడు. సంగతి చెప్పిన. "ఆ చెల్క మేమే దున్నిస్తం, నీకు ఆట ఎందుకు" అన్నడు. "మీరిస్తే ఎల్లుండి ఇంకొకడొచ్చి గుంజుకుంటడు బిడ్డా. దొర నోటితోనే నీదని అనిపియ్యాలె" అన్న. జానయ్య నన్ను పైకి కిందికి చూసి, జర దవాఖానల చూపెట్టుకో అని చెప్పిపోయిండు.

ఇట్లు,
నుదురు వాచిన
రఘుపతి

తా.క.: నీ ఉత్తరం ఠాణాల విప్పి చదివినంకనే నా చేతికొచ్చింది. తొమ్మిది చోట్ల దాడికి పథకమని అమీన్ సాబ్ నన్ను పిలిపిచ్చిండు. ఆట అని తెలిసినంక మళ్ల నిదానంగ చదివిండు. మూడో గుంతకు నీ సలహా తప్పట. ఎడమ నుంచి పొమ్మన్నడు.

ఇంకో తా.క.: దొర పోగొట్టుకున్న బంతి ఒకటి మన గడ్డివాముల దొరికింది. గుడ్లు తక్కువైనయని మీ అత్తమ్మ దాన్ని పొదుగుకు కూసున్న కోడి కింద పెట్టింది. కోడికి తెల్వది. నేను చెప్పలే.

*

మహబూబ్‌నగర్,
ఫాల్గుణం.

మామయ్యకు అమరేందర్ వందనాలు.

నీ నుదురు సంగతి క్లబ్బుల పెట్టిన. సాబులు రెండు జట్లయి కొట్లాడుకున్నరు. బంతి ఆడెటోనికే తాకితే దెబ్బ మీద జుర్మానా దెబ్బలు పడుతయని ఆఖరుకు తేలింది. అంటే వాపు నీదే, లెక్క సుత నీ మీదనే.

అమీన్ సాబ్‌కు నా సలాములు. ఎడమ నుంచి పోతే పొద్దు కంట్ల పడుతదని చెప్పు.

పందెంనాడు ఎవని బంతికి వాడు గుర్తు పెట్టుకోవాలె, లేకుంటే లడాయి అయితది. ఇంకో మాట, ఆడుకుంట ఆడుకుంట బంతిని ఇడిచిపెట్టి పోయినోడు, ఎంత ముందున్నా ఓడినట్టే. ఇయన్ని ఎవరు చూస్తరంటే ఎవ్వరు చూడరు మామయ్య. ఈ ఆటల గొప్పతనం గదే. తీర్పు చెప్పెటోడు ఉండడు. అడవిల ఒంటరిగ ఉన్నా తన తప్పు తానే ఒప్పుకునెటోడు గాల్ఫు మనిషి. నువ్వు సుత గట్లనే ఆడాలె.

ఇట్లు,
అమరేందర్

తా.క.: కోడి కింది బంతి తీసెయ్యుమను. మంజులత నా సంగతి ఏమన్న అడుగుతదా?

*

రాళ్లకుంట,
సర్వధారి సంవత్సరం, జ్యేష్ఠం.

చిరంజీవి అమరేందర్‌కు,

పందెం ఉగాదికి కాలే. జెండాల కాడ ఆగింది.

ఉగాదికి ముందు నార్కట్‌పల్లి దిక్కు నుంచి రజాకార్ల లారీ వచ్చింది. ఒక్క ఎర్రజెండా కనబడితేనే ఊరు తగలబెట్టెటోళ్లకు తొమ్మిది కనబడ్డయి. లారీ దిగి చెల్కను చుట్టుముట్టిండ్రు. దొర తుమ్మచెట్టు కింద కట్టె పట్టుకొని నిలబడి ఉండె. చేతులెత్తుమన్నరు. ఎత్తిండు. ఆట అని ఉర్దూల ఎంత చెప్పినా నమ్మలే, ఆడి చూపెట్టుమన్నరు. గడగడ వణుక్కుంట దొర కొట్టిన దెబ్బ ఆ దినం మస్తు దూరం పోయింది. జెండాలు పీకి లారీల ఏసుకొని పోయిండ్రు.

నిజాం సర్కారుకు కోపం రాకుండ ఉండాలని దొర సర్కారు జెండా రంగు పసుపుపచ్చ గుడ్డలు కట్టిచ్చిండు. తెల్లారేసరికి అవి సుత లేవు. సర్కారు జెండాలని జానయ్య దళం పీకేసింది. పీకినంక జానయ్య మా ఇంటికొచ్చి, "కాకా, తేల్చి చెప్పు, నువ్వు ఎవలి దిక్కు?" అన్నడు. "నా చెల్క దిక్కు" అన్న. మీ అత్తమ్మ ఆయనకింత అంబలి పోసింది, తాగిపోయిండు.

జెండాలు లేకుంటే గుంతలు కనబడయి, గుంతలు కనబడకుంటే పందెం లేదు, పందెం లేకుంటే చెల్క లేదు. నేను దిగాలుగ కూసుంటే మీ అత్తమ్మ, "ఎవ్వలు పీకని జెండా నేను కడ్త" అని లేచింది. పాతచీర చింపి పసుపునీళ్లల్ల ముంచి, నడుమ కుంకుమబొట్టు పెట్టి, కట్టెకు యాపమండలు కట్టింది. దొరను అడిగితే, ఏదో ఒకటి, ఎగిరితే సాలు అన్నడు.

రజాకార్ల లారీ వచ్చింది, చూసింది, పోయింది. దళం వచ్చింది, చూసింది, చెప్పులిడిచి మొక్కి మరీ పోయింది. నా సంతోషం నాల్గు దినాలే ఉండె. తర్వాత నర్సింగమ్మ బిడ్డకు జెరమొస్తే తొమ్మిదో గుంత కాడ కొబ్బరికాయ కొట్టిందట, జెరం తగ్గిందట. ఇగ చూస్కో. ఆ గుంత మైసమ్మ గుంత అయింది. గుంత నిండ యాపాకు, చుట్టు ఎడ్లబండి తిరిగేటంత, అమ్మోరికి ఏసే పట్నం ముగ్గు. మన ఊరి శివసత్తి ఈదమ్మకు అక్కడ పూనకమొచ్చి, "ఇన్నొద్దులకు నాకు జాగ దొరికింది" అన్నదట. నా చెల్కల నాకు తప్ప అందరికి జాగ దొరుకుతాంది.

దొరకు ఇదేం పట్టలే. జెండాలు నిలిచినయని ఖుషీల ఉన్నడు. ఆషాఢంల తాలూక్‌దార్ సాబ్ వస్తున్నడు. పందెం ఖాయం.

ఇట్లు,
రఘుపతి

తా.క.: ఆ కోడి నెల దాటినా బంతి మీదికెల్లి లేవలే. మేతకు సుత పోతలేదు. పొదగని గుడ్డు ఇంట్ల అరిష్టమని మీ అత్తమ్మ దాన్ని తీసి దిష్టి తిప్పి ఊరవతల ఎక్కడనో ఇడిచి వచ్చింది. కోడి మా ఇద్దరితోని మాట్లాడుతలేదు.

*

మహబూబ్‌నగర్,
ఆషాఢం.

మామయ్యకు వందనాలు.

పందెం ముందట ఆఖరు సలహా. ఎనిమిది గుంతలు ఎట్ల ఆడినా తొమ్మిదో దాని కాడ నిమ్మళంగ ఉండు. దిబ్బను రెండు దెబ్బలల్ల దాటు. ఒక్క దెబ్బకే గుంతల ఏద్దామని ఆశపడకు. అట్ల పడుడు మా క్లబ్బుల ఒక్కసారే అయింది. ఆ సాబ్ ఊరందరికి దావత్ ఇచ్చి, ఆ బంతిని ఇప్పటికి కోటు జేబుల పెట్టుకొని తిరుగుతడు. గా దెబ్బ జన్మకొక్కటి పడితే అదృష్టమంటరు.

నువ్వు ఓడినా ఏం గాదు మామయ్య. ఓడితే పాలమూరు వచ్చెయ్యండ్రి, ఇక్కడ ఒక కొట్టం కిరాయికి చూసిన. దేవుడు ఆ అవసరం రానియ్యకుండ చూడాలె.

ఇట్లు,
అమరేందర్

తా.క.: కొట్టంల నల్గురం పడుతం. లెక్క జేసుకొనే రాసిన.

*

రాళ్లకుంట,
ఆషాఢం, బోనాలు ఎల్లినంక.

చిరంజీవి అమరేందర్‌కు,

పందెమైంది. అయిందో కాలేదో నువ్వే చెప్పాలె.

పొద్దున దొర తన కొత్తబంతికి అందరి ముందట నీలం సిరాతోని చుక్క పెట్టిండు. నా బంతి కట్టెది, దానికి గుర్తెందుకు. గడి జీతగాడు భిక్షం, దొర ఆటకట్టెల సంచి మోసిండు. ఊరంత గట్టు మీద కూసున్నది. తాలూక్‌దార్ సాబ్ కుర్చీల కూసుండె.

దాచేదేముంది, ఎనిమిది గుంతలు తిరిగేసరికి నా చేతుల వేళ్లు, కాళ్ల వేళ్లు కలిపి లెక్కపెట్టినా సరిపోనంత దొర ముందున్నడు. మూడోదానికి అమీన్ సాబ్ చెప్పినట్టు ఎడమ నుంచి పోయిన, పొద్దు కంట్ల పడ్డది. మీ అత్తమ్మ కొంగు నోట్ల పెట్టుకొని ఏడుస్తాంది.  చెల్క పోయిందనే అనుకున్న.

తొమ్మిదోదానికి దొర ముందు కొట్టిండు. బంతి దిబ్బ మీదికెల్లి లేచి అవతలికి పోయింది. ఎక్కడ పడ్డదో ఎవలకు కనబడలే. నేను మూడు దెబ్బలకు దిబ్బ దాటిన. అవతలికి పోయి చూస్తే దొర బంతి జెండా కట్టె మొదట్ల, పట్నం ముగ్గు నట్టనడుమ, పసుపుల పొర్లి ఉన్నది. గుంతకు జానెడు దూరం. ఒక్క తోపు తోస్తే ఆట ఖతం.

దొర నవ్వుకుంట ముగ్గుల కాలు పెట్టబోయిండు. ఈదమ్మ జుట్టిరబోసుకొని లేచింది. "బూట్లతోని నా పట్నంల కాలు పెడతవా! ఇప్పు!" అన్నది. ఊరంత లేచి నిలబడ్డది. ఊకెనే నిలబడ్డది, గంతే.

దొర మొఖం మాడిపోయింది. మనం ఆయన గడి ముందట తాతలనాటి నుంచి చెప్పులు చేతుల పట్టుకొని నడిచినం గదా. ఇప్పుడు ఈదమ్మ ఇప్పుమంటే, గంతమంది ముందట, దొర బూట్లు ఇప్పుతడా! భిక్షాన్ని పోయి బంతి తెమ్మన్నడు. చెయ్యి తాకరాదని సాబ్ అన్నడు. నువ్వే కొట్టు అని భిక్షానికి కట్టె ఇచ్చిండు. ఎవని బంతి వాడే కొట్టాలె అని సాబ్ అన్నడు. ముగ్గు బైట నిలబడి కట్టె చాపిండు, అందలే. "రేపు చూస్త" అని ఎనుకకు తిరిగి పోయిండు.

నేను ఎప్పుడూ ఒట్టికాళ్లతోనే ఉంట. కొబ్బరికాయ కొట్టి, తల్లీ జర జరుగు అని మొక్కుకొని నా బంతిని తోసిన. యాపాకుల నడుమ గుంతల మునిగింది. దాన్ని చెయ్యిపెట్టి తీసే ధైర్యం నాకు లేదు, ఎవలకు లేదు.

రేపు అన్న దొర మళ్ల రాలే. ఇప్పుడు నేను గెలిచిన్నా, ఓడిన్నా?

ఇట్లు,
రఘుపతి

తా.క.: దొర గడికి పోయేదాక ఎనుకకు చూడలే. తాలూక్‌దార్ సాబ్ మాత్రం పోకముందు తన బూట్లు ఇప్పి, ఒక నిమ్మకాయ పెట్టి పోయిండు.

*

మహబూబ్‌నగర్,
శ్రావణం.

మామయ్యకు వందనాలు.

దొర బంతి గుంతల పడేదాక ఆట తెగలే. దొర వచ్చి ఆడితే ఆయనదే గెలుపు. రాకుంటే నీది. రేపు అన్నడు గని ఏ రేపో చెప్పలే, ఇక్కడ సాబులు దాని మీద తలలు పట్టుకున్నరు. ఆ బంతిని మాత్రం ఎవ్వలు కదపకుండ చూడు. కదిపితే మొత్తం ఖరాబైతది.

పట్నం దిక్కు గడబిడగ ఉన్నది. యూనియన్ ఫౌజు వస్తదంటున్నరు. ఇంట్ల నుంచి బైటికి పోకండ్రి.

ఇట్లు,
అమరేందర్

తా.క.: ఇక్కడ గాల్ఫు ఆడెటోళ్లు సగం మంది సామాన్లు కట్టుకుంటున్నరు. వరండా నుంచి ఇప్పుడు ఏడో గుంత దాకా చూస్తున్న, ఆపేటోడు లేడు.

*

రాళ్లకుంట,
ఆశ్వయుజం.

చిరంజీవి అమరేందర్‌కు,

ఫౌజు వచ్చింది. రజాకార్ల లారీ మళ్ల కనబడలే. ఫౌజు రాకముందే దొర గడికి తాళమేసి పట్నం పోయిండు. చెల్క దున్నుకొమ్మని జానయ్య అన్నడు, ఊరన్నది. ఆట తెగలేదని నేనే దున్నలే. మీ అత్తమ్మ తిట్టని తిట్టు లేదు.

బతుకమ్మ పండుగ ఎల్లంగనే దొర వచ్చిండు. నెత్తిన తెల్లటోపీ, పక్కన ఫౌజు మేజర్ సాబ్, జీపు. చెల్క తనదని, నేను సంగపోళ్లను అడ్డం పెట్టుకొని కాజేస్తున్నని మేజర్‌కు ఎక్కిచ్చిండు. పందెం కట్టినప్పటి సాక్షి తాలూక్‌దార్ సాబ్ ఎటు పోయిండో ఎవలకు తెల్వది. మేజర్ నన్ను పిలిచి, ఏమంటవ్ అన్నడు.  "సాబ్, దొర ఆట ఇంక ఉన్నది. బంతి అక్కడనే ఉన్నది. ఆడుమనండ్రి" అన్న.

మేజర్ కండ్లు పెద్దగైనయి. ఆయన సుత గాల్ఫు మనిషేనట! మొదటి నుంచి చెప్పుమన్నడు. చెప్పిన. మధ్యల రెండుసార్లు మొఖం పక్కకు తిప్పుకున్నడు. తొమ్మిదో గుంత కాడికి నడిచి, ఎవ్వలు చెప్పకుండనే బూట్లు ఇప్పి ముగ్గు బైట నిలబడి, "ఆడండి" అని దొరతోని అన్నడు.

చెల్క పోతదంటే దొర ఈసారి బూట్లు ఇప్పిండు. దొర పాదాలు నేను ఎన్నడూ చూడలే. మెత్తగ, తెల్లగ, పాపం, పసిపిల్లగాని తీరు ఉన్నయి. రాళ్ల మీద ఎగురుకుంట ఎగురుకుంట ముగ్గులకు పోయిండు. పోయి చూస్తే ఏముంది! బోనాలప్పటి నుంచి ఆడోళ్లు ఆ బంతికే పసుపు రాసి, కుంకుమ పెట్టి, వెండికండ్లు అతికిచ్చిండ్రు. బంతి మైసమ్మ అయి దొరను గుడ్లురిమి చూస్తాంది.

దొర కట్టె ఎత్తిండు. ఊరంత చేతులు జోడించి నిలబడి ఉన్నది. ఈదమ్మ సన్నగ నవ్వింది. దొర కట్టె దించి, టోపీ తీసి, దండం పెట్టి బైటికొచ్చిండు.

"ఆట ఇడిచినట్టేనా?" అన్నడు మేజర్. దొర తల ఊపిండు. "ఇడిచినోడు ఓడినట్టే. చెల్క ఇతనిది. దున్నుకోనియ్యండి" అన్నడు మేజర్. నువ్వు రాసిన కాయిదానే, మాట పొల్లు పోకుండ.

ఎడ్లు కట్టిన. మీ తాత యాదికొచ్చిండు.

ఇట్లు,
చెల్క ఉన్న నీ మామ
రఘుపతి

తా.క.: దొర బూట్లు తొడుక్కునుడు మరిచి గడి దాకా చేతుల పట్టుకొనే పోయిండు. ఊరంత చూసింది, ఎవ్వలు చెప్పలే. ఒకలు నడవంగ ఇంకొకలు మాట్లాడరాదు గద.

*

మహబూబ్‌నగర్,
కార్తీకం.

మా మామయ్యకు వెయ్యి దండాలు.

ఉత్తరం చదువుకుంట నేను వరండాల ఎగిరిన. కొత్తగ వచ్చిన ఆఫీసర్లకు చదివి వినిపిచ్చిన. అందరు లేచి నిలబడి చప్పట్లు కొట్టిండ్రు. ఆట తెగలేదని దున్నకుండ ఆగిన మనిషి! "అసలు గాల్ఫు మనిషి అంటే మీ మామనే" అన్నరు. నీ కథను పెద్ద పలక మీద రాయిచ్చి క్లబ్బు గోడకు తగిలిస్తున్నం. నిజాయితీకి రఘుపతి అని పైన పేరు.

చెల్క వచ్చింది కాబట్టి తా.క. దాకా ఆగకుండ ఇక్కడనే అడుగుతున్న. మంజులతను నాకిస్తవా?

ఇట్లు,
నీ అల్లుడు కావాలనుకునే
అమరేందర్

*

రాళ్లకుంట,
కార్తీకం.

చిరంజీవి అమరేందర్‌కు మామ దీవించి, బతిమాలి రాసేది,

ఆ పలక రాయిచ్చినవా? రాయిస్తే తుడిపెయ్యి. గోడకు తగిలిస్తే దించు. ఈ ఉత్తరం చదివి పొయ్యిల ఎయ్యి.

ఉలవలు చల్లుదామని ఎనిమిది గుంతలు పూడ్చిన. తొమ్మిదో దాని కాడ మైసమ్మను గట్టు మీద గద్దె కట్టి నిలబెట్టినం, ఈదమ్మ ఒప్పుకున్నది. ఇగ గుంత పూడ్చాలె. అందల నా బంతి ఉన్నది గద, యాదికి ఉంచుకుందామని దండం పెట్టుకొని చెయ్యి పెట్టిన. ఎండిన యాపాకు వచ్చింది. నా కట్టెబంతి వచ్చింది. దాని కింద ఇంకేదో చేతికి తాకింది. తీసిన.

తెల్లబంతి. నీలం సిరా చుక్క.

నా బంతి పైన, దొర బంతి కింద. ముందు పడ్డది కిందుంటది, తర్వాత పడ్డది పైనుంటది. దీనికి ఏ కాయిదా పుస్తకం అక్కరలేదు.

ఇంటికి ఉరికి మీ అత్తమ్మను అడిగిన. "ఆ కోడి కింది బంతిని ఎక్కడ ఇడిచినవ్?" అన్న. "ఇంకెక్కడ ఇడుస్త, అమ్మోరి కాడ, జెండా కట్టె మొదట్ల" అన్నది.

సమజైందా? ఊరు వెండికండ్లు పెట్టి మొక్కుతున్నది మా కోడి పొదిగిన బంతి. దొర బంతి ఆ దినం దిబ్బ దాటి సీదగ గుంతల్నే పడ్డది. ఒక్క దెబ్బకు! జన్మకొక్కటి పడితే అదృష్టమని నువ్వు రాసిన దెబ్బ. దొర కొట్టిండు, పడ్డది, గెలిచిండు. ఆయనకు తెల్వది. బూట్లు ఇప్పి ఒక్కసారి గుంతల చెయ్యి పెడితే తెలుస్తుండె.

మళ్ల పోయి గుంత గడ్డన కూసున్న. అడవిల ఒంటరిగ ఉన్నా తన తప్పు తానే ఒప్పుకునెటోడు గాల్ఫు మనిషి అని నువ్వు రాసింది యాదికొచ్చింది. అయితే నేను గాల్ఫు మనిషిని కాదని దొర మొదటినాడే అన్నడు. దొర మాట నేను ఎన్నడన్న కాదన్ననా?

పారతోని మట్టి కప్పిన. కప్పంగ ఏడుపొచ్చింది. సిగ్గుకు వచ్చిందో సంతోషానికి వచ్చిందో చెప్పలేను. అదే పూట ఉలవలు చల్లిన.

ఇట్లు,
నీ మామ
రఘుపతి

తా.క.: మాఘంల ముహూర్తం. మంజులతకు ఇష్టమేనట, నీ తా.క.లన్ని దాచిపెట్టుకున్నది. ఇంటల్లుడైనోడు మామ గుట్టు గోడకు తగిలియ్యడని నా నమ్మకం.

ఇంకో తా.క.: నీలం చుక్క బంతిని ఏం చెయ్యాలెనో తోచక మీ అత్తమ్మకిచ్చిన. కోడి మళ్ల పొదుగుకు కూసున్నది, మాతోని మాట్లాడుతాంది. దానికి తెల్వది. నువ్వు చెప్పకు.